రే గారి కబురు

పోయిన నెల మా చిన్నప్పటి పొరుగావిడ డోరీన్ మా ఇంటికి భోజనానికి వచ్చింది. క్రోయిడన్ నుంచి నార్తాంప్టన్ దాకా ఆవిడ కొడుకు కార్లో తీసుకొచ్చాడు. తొంభైకి దగ్గర పడిన మనిషి. చెవులు సగం పోయాయి గాని ఆకలికి లోటు లేదు, సాంబారు రెండోసారి అడిగి వేయించుకుంది. మేం తింటున్నంతసేపూ ఆవిడ కొడుకు ఫోను కంచం పక్కనే పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. అతని కూతురు ఆ రోజు లండన్‌లో ఏదో ప్రదర్శనకి వెళ్ళిందట. ఆ పిల్ల ఎక్కడుందో ఫోన్లో మ్యాపు మీద ఒక చుక్కలా కనిపిస్తోంది. చుక్క కదులుతుంటే అన్నం కలుపుతున్నాడు, కాసేపు ఆగితే అతని చెయ్యీ ఆగిపోతోంది. డోరీన్ అదంతా చూసి నవ్వి, మా రోజుల్లో ఈ పని మీ నాయనమ్మ చేసేది కదూ, అంది నాతో. మా అమ్మాయి నీల ఆ మాట విని తలెత్తి "హౌ?" అని అడిగింది. నేనూ డోరీనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అది అన్నం తింటూ చెప్పే సంగతి కాదు. పెరుగు వడ్డించి మాట మార్చాను. వాళ్ళు వెళ్ళిపోయాక గిన్నెలు కడుగుతూ ఉంటే మాత్రం ఆ రోజులు ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి.

అప్పుడు మేము ఈస్ట్ హామ్‌లో ఉండేవాళ్ళం. గోడకి గోడ ఆనించి వరసగా కట్టిన ఇళ్ళలో మాదొకటి. నాన్న కార్ల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. అమ్మ హాస్పిటల్ లాండ్రీలో. వంటింటి తలుపు మీద అమ్మ షిఫ్టుల పట్టిక అంటించి ఉండేది, దాన్ని బట్టే మా ఇంట్లో కూర ఎవరు వండాలో తేలేది. తాతయ్య పోయాక గుడివాడ దగ్గరి పల్లె నుంచి నాయనమ్మని నాన్న వెంట తెచ్చుకున్నారు. నాన్నకి యూనియన్ అంటే ఫ్యాక్టరీ గేటు దగ్గర ముగిసే పని కాదు. వెనక గదిలో సైక్లోస్టయిల్ యంత్రం ఉండేది. సెలవు వస్తే చాలు, అది గరగరలాడుతూ కరపత్రాలు కక్కుతుండేది. ఆ సిరా వాసన, పారఫిన్ హీటర్ వాసన, తలుపు వెనక ఆరుతున్న తడి ఊలు కోట్ల వాసన, వీటన్నిటి మీదా నాయనమ్మ వేసే ఇంగువ పోపు. నా కార్డిగన్‌కి ఆ నాలుగూ పట్టేసి ఉండేవి. క్లాసులో నా పక్కన కూర్చున్న పిల్లకి మా నాన్న రాజకీయాలూ మా ఇంటి మధ్యాహ్నం చారూ రెండూ ఒకేసారి తెలిసిపోయేవి.

కబుర్లు అప్పుడు నడిచి వచ్చేవి. ఇండియా నుంచి ఉత్తరం వచ్చేసరికి అందులో పుట్టిన బిడ్డ అక్కడ బోర్లా పడుతుండేది. దేశంలో కబుర్లకి నాన్న రోజూ రెండు పేపర్లు కొనేవారు, ఒకటి తిట్టుకుంటూ చదవడానికి, ఒకటి నమ్మడానికి. సాయంత్రం టీవీలో వార్తలు వస్తుంటే మధ్యలో మాట్లాడినవాళ్ళని వేలెత్తి ఆపేవారు. అయినా, వాళ్ళు చూపించినది సగమే అనేవారు. మిగతా సగం మనుషుల నోటి మీద వచ్చేది. శనివారం ఉదయం స్టేషన్ ముందు పార్టీ పత్రిక అమ్ముతూ నిలబడితే అరగంటలో ఏ ఫ్యాక్టరీలో ఏం జరుగుతోందో నాన్నకి తెలిసిపోయేది. పత్రిక కొనేవాళ్ళ కంటే ఆగి నాలుగు ముక్కలు చెప్పి పోయేవాళ్ళే ఎక్కువ.

అది బొగ్గుగని కార్మికులు సమ్మె చేస్తున్న ఏడాది. ఉత్తరాది గని పల్లెల్లో పొయ్యిలు ఆరిపోకుండా మా పేటలో సాయం పోగుచేసే కమిటీ ఒకటి పెట్టారు. దాని బరువంతా నాన్న నెత్తిన పడింది. ఆ పని కోసమే మా ఇంటికి ఫోను వచ్చింది. మెట్ల కింద, ముందు తలుపు దగ్గర, ఇంట్లో అన్నిటికంటే చలిగా ఉండే చోట దాన్ని పెట్టారు. పగలు అందరం పనికీ స్కూలుకీ పోతే ఫోను దగ్గర మిగిలేది నాయనమ్మే. నేత చీర మీద నాన్న పాత ఓవర్‌కోటు తొడుక్కుని, రెండో మెట్టు మీద మడతపెట్టిన దుప్పటి వేసుకుని, వక్కపొడి నములుతూ కూర్చునేది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. కానీ ఒక్క మాట మాత్రం ఊరి నుంచే తెచ్చుకుంది. ఫోను మోగితే తీసి, "హలో కామ్రేడ్, చెప్పండి," అనేది. అవతలివాళ్ళు మొదట తడబడేవాళ్ళు. తర్వాత అలవాటు పడి చెప్పదలుచుకున్నది నెమ్మదిగా చెప్పేవాళ్ళు. ఆవిడ ఆ శబ్దాలన్నీ వరసగా గుర్తుపెట్టుకుని, నేను స్కూలు నుంచి రాగానే కళ్ళు మూసుకుని అప్పజెప్పేది. "టూస్‌డే. నో మీటింగ్. బ్రింగ్ టిన్స్." అర్థం నేను చెబితే, సరే అని తల ఊపి, ఆ మాటల్ని వదిలేసేది.

ఆ నేర్పు ఎక్కడిదో మాకు కొంతే తెలుసు. పెళ్ళయిన కొత్తలో, తాతయ్యా ఆయన మిత్రులూ పోలీసుల కంటపడకుండా తిరిగిన రోజుల్లో, ఈవిడ చల్ల కుండ నెత్తిన పెట్టుకుని ఊరూరా కబుర్లు మోసేదట. కాగితం మీద రాస్తే దొరికిపోతారు కాబట్టి అంతా నోటి మాటే. చెప్పినదానిలో ఒక్క ముక్క పోకూడదు, సొంత ముక్క ఒక్కటి కలవకూడదు. ఇంతవరకూ నాన్న గర్వంగా చెప్పేవారు. ఆవిడ మాత్రం ఆ రోజుల ఊసెత్తితే, "ఆ చల్ల అమ్ముకుని ఉంటే బాగుపడేవాళ్ళం," అని లేచిపోయేది.

కమిటీలో నాన్నకి కుడిభుజం రే. ఓడరేవులో పనిచేసి, అది మూతపడ్డాక వాను నడుపుకునే మనిషి. మాకు రెండు వీధులవతల ఉండేవాడు. అతని భార్యే డోరీన్. వాళ్ళింట్లో ఫోను లేదు. రేని మొదటిసారి పరిచయం చేసినప్పుడు నాయనమ్మ చాలా ఇబ్బంది పడింది. ఎవరు పిలిచినా ఆ మనిషిని 'రే' అనే పిలుస్తున్నారు. భార్య కూడా. "ఇంత పెద్దమనిషిని పాలేరుని పిలిచినట్టు రే, రే అంటారేమే? కన్నతల్లికి మంచి పేరే దొరకలేదా?" అని నన్ను పక్కకి లాగి అడిగింది. అది అతని పేరేనని చెప్పినా మనసొప్పక, ఆ రోజు నుంచి రే గారు అని పిలవడం మొదలుపెట్టింది. అతను అది విని మురిసిపోయి, ఈ 'గారు' అంటే ఏమిటని నాన్నని అడిగాడు. సర్ లాంటిదని నాన్న చెబితే, జీవితంలో తనని ఎవరూ అలా పిలవలేదన్నాడు.

చలికాలం బాగా ముదిరాక ఒక శుక్రవారం రే, నాన్నా వాను నిండా సరుకులు వేసుకుని ఉత్తరాదికి బయల్దేరారు. అంతకు ముందు పంపిన కందిపప్పు బస్తాలు ఏం చేసుకోవాలో తెలియక అక్కడి ఆడవాళ్ళు అలాగే ఉంచేశారట. సాంబారు చెయ్యడం నేర్పి వస్తానని నాన్న నాయనమ్మ చేత పొడి కొట్టించుకున్నారు. శనివారం సాయంత్రానికల్లా వచ్చేస్తామన్నారు. నాన్న బదులు శనివారం ఉదయం పత్రికలు పట్టుకుని స్టేషన్ ముందు నేను నిలబడ్డాను. నాకప్పుడు పదిహేడేళ్ళు. స్కూలు స్నేహితులు ఎవరైనా ట్యూబ్ రైలు దిగి వస్తారేమోనని ఒక భయం, చేతులు కొంకర్లు పోయే చలి. పత్రికలు సగం కూడా అమ్ముడుపోలేదు. అప్పుడు లెన్ వచ్చాడు.

లెన్ అంటే మా నాన్న వాళ్ళ యూనియన్ ఆఫీసులో పనిచేసే పెద్దాయన. ఎప్పుడూ దూరం నుంచే కేకేసి పలకరించేవాడు. ఆ రోజు దగ్గరికి వచ్చేదాకా ఏమీ అనలేదు. వచ్చి టోపీ తీశాడు. చెడ్డ కబురు చెప్పేముందే ఇక్కడివాళ్ళు అలా టోపీ తీస్తారు. వాను మంచు మీద జారి పల్లంలో పడిందని, మీ నాన్నని హాస్పిటల్‌కి తీసుకెళ్ళారని, అంతకు మించి తెలియదని చెప్పాడు. ఆ ఉదయం, సమ్మెలో ఉన్నవాళ్ళకి భోజనం పెట్టే గని పల్లె వంటశాల నుంచి ఎవరో ఆవిడ ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పిందట. రే సంగతి ఏమిటని అడిగాను. అతని గురించి ఎవరూ ఏమీ అనలేదు, బాగానే ఉన్నట్టున్నాడు అన్నాడు. మీ అమ్మకి తోడుగా ఉండమని డోరీన్‌కి చెప్పి వస్తాను, నువ్వు ఇంటికి పో, అన్నాడు. మిగిలిన పత్రికలు అతని చేతుల్లో పెట్టి పరుగెత్తాను.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ అప్పుడే షిఫ్టు నుంచి వచ్చి గుమ్మంలో కోటు విప్పుతోంది. నా మొహం చూసి సగం విప్పిన కోటుతో అలాగే నిలబడిపోయింది. చెప్పాను. అమ్మ గోడకి ఆనుకుని నెమ్మదిగా కిందికి జారింది. నేను పక్కన కూర్చున్నాను. అప్పటిదాకా రెండో మెట్టు మీద కూర్చుని మా ఇద్దర్నీ చూస్తున్న నాయనమ్మ, "లేవండి," అంది. "ఆ కబురు తప్పు."

పొద్దున్న తనకీ ఫోన్ వచ్చిందట. ఒక ఆడమనిషి, గొంతులో కంగారు ఉంది. ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని అప్పజెప్పింది. "వాన్. ఐస్. రే. లెగ్. హాస్పిటల్." మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. అంతే, ఇంకో ముక్క లేదు. "రే అనే అంది. గారు అనకుండా ఒట్టి రే అంది. రావు అనలేదు. నా కొడుకు పేరు నాకు తెలీదా?" అంది.

అమ్మ నమ్మలేదు. ఇంగ్లీషువాళ్ళ నోట్లో రావు అన్న పేరు రకరకాలుగా తిరిగేది. ఒకరు రేవ్ అనేవారు, ఒకరు రో అనేవారు. "అత్తయ్యా, మీరు తల్లి కాబట్టి మీకలా వినపడింది," అంది అమ్మ. నాయనమ్మకి కోపం రాలేదు. లెన్‌కి ఎవరు చెప్పారు, ఆ చెప్పినవాళ్ళు కళ్ళతో చూశారా, విన్నారా, విన్నదైతే ఎవరి నోట విన్నారు, ఆఖరి మనిషి దాకా అడుగు, అంది నాతో. నేను ఫోను తీశాను. ఆ రోజు ఫోను చక్రం తిప్పీ తిప్పీ నా చూపుడువేలు కందిపోయింది. యూనియన్ ఆఫీసులో ఫోను తీసినావిడ ఉదయం కబురు తానే విన్నానంది. గని పల్లె నుంచి మాట్లాడినావిడ, ముందు రావు వాళ్ళింటికి చేశాను, అక్కడ తీసినామెకి ఇంగ్లీషు రానట్టుంది, కాస్త మీరు చెప్పండి అని కబురు చెప్పిందట. లైన్లో గరగర. వాళ్ళ యాస తనకి అంతంతమాత్రం. రావు ఇంటికి చెప్పమన్నారు కాబట్టి రావుకే దెబ్బ తగిలిందనుకున్నాను, అని చెబుతూ చెబుతూ ఆవిడ గొంతు తగ్గిపోయింది. పేరు సరిగ్గా విన్నారా అంటే, ఖాయంగా చెప్పలేనంది. ఇక మిగిలింది గని పల్లె వంటశాల. ఆ పల్లె మొత్తానికి కమిటీకి ఉన్నది ఆ ఒక్క ఫోను. ఎన్నిసార్లు తిప్పినా ఎంగేజ్.

ఆ ఎదురుచూపులో నాయనమ్మ అమ్మని లేపి తన పక్కన మెట్టు మీద కూర్చోబెట్టుకుంది. అమ్మ బొట్టు చెమటకి కారింది. నాయనమ్మ కోటు అంచుతో దాన్ని సరిచేస్తూ, మాకెవరికీ ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెప్పింది.

"కబురు నమ్మి నేనోసారి ముండమోశాను, సుశీలా."

తాతయ్య దాక్కుని తిరుగుతున్న రోజుల్లో కాలవ గట్టు మీద ఒక శవం దొరికిందట. మొహం గుర్తుపట్టేలా లేదు. భుజం మీద తాతయ్య కండువాలాంటి కండువా ఉంది. మొదట చూసినవాడు 'లాంటి' అనే అన్నాడు. ఆ మాట ఊరి పొలిమేర దాటేసరికి 'లాంటి' రాలిపోయింది. ఈవిడ గుమ్మంలోకి వచ్చేసరికి, నీ మొగుడు పోయాడు అన్నదొక్కటే మిగిలింది. పెద్దవాళ్ళు గాజులు పగలగొట్టారు. కర్మ కూడా జరిపించారు. అదంతా అయిపోయాక ఒక సాయంత్రం పాలు పితికే వేళ పశువుల చావిట్లోంచి తాతయ్య నడుచుకుంటూ వచ్చి, మంచినీళ్ళు ఇమ్మన్నాడు. "సంతోషం రాలేదే నాకు. ఒళ్ళు మండిపోయింది. ఇన్ని రోజుల ఏడుపు ఎవడు తిరిగిస్తాడని. మళ్ళీ గాజులు తొడగడానికి ముహూర్తం చూడాలన్నారు పెద్దలు. నేనాగలా. సంత నుంచి తెప్పించుకుని నేనే తొడుక్కున్నా." అమ్మ గాజుల మీద చెయ్యి వేసి, "అప్పుడు ఒక్కళ్ళనయినా అడగలేదు, నువ్వు చూశావా అని. అడక్కుండా ఏడిచాను. నువ్వలా ఏడవకు. తెలిశాక ఏడుద్దాం, అంతగా ఏడవాల్సి వస్తే," అంది.

అమ్మ ఆవిడ భుజం మీద తల ఆనించింది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి అత్తాకోడళ్ళ మధ్య మర్యాదే గాని దగ్గరతనం నేను చూడలేదు. ఆ ఇరుకు మెట్ల మీద అలా కూర్చున్న వాళ్ళిద్దర్నీ చూస్తూ నేను చక్రం తిప్పుతూనే ఉన్నాను. చివరికి అవతల మోగింది. ఎవరో ఎత్తారు. వెనక గిన్నెల చప్పుడు, పిల్లల గోల. ఈస్ట్ హామ్ నుంచి రావు కూతుర్ని మాట్లాడుతున్నానన్నాను. ఆవిడ యాస నాకూ సగమే అర్థమయ్యేది. ఒక్కో మాటా మళ్ళీ చెప్పించుకున్నాను. కాలు విరిగింది వాను నడిపినాయనకి. రే. ఇండియన్ పెద్దమనిషికి నుదురు కాస్త గీసుకుపోయింది, అంతే. రేకి తోడుగా అంబులెన్సులో వెళ్ళాడు.

మీరు చూశారా, అని అడిగాను. నాయనమ్మ నా మొహంలోకే చూస్తోంది.

చూశానమ్మా, ఆయన కోటు మీద మంచు దులిపింది నేనే, తన కాళ్ళ మీద తానే నడిచి అంబులెన్సు ఎక్కాడు, అంది ఆవిడ.

ఆ మాట తెలుగులో చెప్పాను. "నడిచి ఎక్కారట." అమ్మ ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది, నవ్వుతూనే ఏడ్చింది. నేను ఫోను పక్కనే నేల మీద చతికిలపడ్డాను. ఇంటి చలి మొత్తం ఆ క్షణంలో ఎక్కడికో పోయింది. కాలి వేళ్ళ చివరిదాకా వెచ్చగా దిగిన ఆ నిశ్చింత నాకిప్పటికీ ఒంటికి గుర్తుంది. తర్వాత నా పురుళ్ళప్పుడూ, నీల పరీక్షలప్పుడూ, మా ఆయనకి గుండె ఆపరేషన్ అయి డాక్టర్ బయటికి వచ్చినప్పుడూ ఊరట పడ్డాను గాని, దేన్ని కొలిచినా ఆ రోజుతోనే కొలుస్తాను.

నాయనమ్మ మాత్రం అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటోంది. "రే గారి ఇంట్లో తెలుసా?" అంది. అప్పుడు తట్టింది మాకు. లెన్ వెళ్ళి డోరీన్‌కి చెప్పిన కబురు, దెబ్బ తగిలింది మా నాన్నకి అని.

ముగ్గురం బయల్దేరాం. మా వీధి మలుపు దాకా కూడా పోలేదు, ఎదురుగా డోరీన్ వస్తోంది. తలకి స్కార్ఫు కట్టుకుని, రెండు చేతుల్లో టీ టవల్ కప్పిన పెద్ద పింగాణీ గిన్నె పట్టుకుని, మంచు మీద జాగ్రత్తగా అడుగులేస్తోంది. మాకోసం కూర వండి తెస్తోంది. మాకు మాంసం అలవాటు లేదని తెలుసు కాబట్టి బంగాళాదుంపలూ చీజూ వేసి చేసిందట. మమ్మల్ని చూసి ఆగి, దుఃఖంతో మొహం వంకర్లు పోతుండగా, అయ్యో నా తల్లీ, అంటూ అమ్మ వైపు రాబోయింది. ఆవిడ మాకోసం పడుతున్న బాధ ఆవిడ మొహం మీద ఉంది. దాన్ని తీసి ఆవిడ చేతిలోనే పెట్టాలి.

నాయనమ్మ ముందుకు వెళ్ళి మొదట ఆ గిన్నె అందుకుని నా చేతికిచ్చింది. తర్వాత డోరీన్ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. నా వైపు తిరక్కుండానే, "నేను చెప్పిన వరసలోనే చెప్పు. ముందొకటి వెనకొకటి చెయ్యకు," అంది.

"రే గారు బతికే ఉన్నాడు."

చెప్పాను. డోరీన్‌కి అర్థం కాలేదు. రే బతికి ఉండటమేమిటి అన్నట్టు చూసింది.

"బాగవుతాడు. మా అబ్బాయి ఆయన పక్కనే ఉన్నాడు. కాలు విరిగింది. కబురు తప్పుగా వచ్చింది. దెబ్బ తగిలింది మావాడికి కాదు."

చివరి మాటకి వచ్చేసరికి డోరీన్ మొహంలో రక్తం లేదు. కానీ పడిపోలేదు. నాయనమ్మ చేతులు ఎంత గట్టిగా పట్టుకుందో ఆవిడ వేళ్ళు తెల్లబడటం కనిపించింది. ఇంకోసారి చెప్పమంది నన్ను. చెప్పాను. బతికే ఉన్నాడు, బాగవుతాడు. ఆ రెండూ ముందుండటం వల్లే నేను నిలబడ్డాను, తర్వాతవి విన్నప్పుడు పట్టుకోవడానికి నాకేదో ఉంది, అని డోరీన్ చాలా ఏళ్ళ తర్వాత నాతో అంది. అమ్మ ఆవిడ నడుము చుట్టూ చెయ్యి వేసి ఇంటికి తీసుకొచ్చింది. ఆవిడ మాకోసం చేసిన కూర అందరం వంటింట్లో కూర్చుని తిన్నాం. నాయనమ్మ కూడా తింది, కాస్త కారం చల్లుకుని. చీకటి పడుతుండగా నాన్న హాస్పిటల్ నుంచి ఫోన్ చేశారు. ముందు డోరీన్‌కే ఇవ్వమన్నారు. రేకి కట్టు వేశారని, మత్తులో కూడా జోకులేస్తున్నాడని చెప్పారు. ఆ తర్వాత అమ్మ తీసుకుని, హలో అన్న నాన్న గొంతు వినగానే ఫోను నాకిచ్చేసింది.

నాన్న సోమవారం రైల్లో వచ్చారు. నుదుటి మీద ప్లాస్టరు, చేతిలో అక్కడి వాళ్ళు పెరట్లోంచి కోసిచ్చిన లీకు మొక్కల కట్ట. నాయనమ్మ వాటిని ఉల్లికాడల చుట్టాలనుకుని పప్పులో వేసింది. సాంబారు గురించి అడిగితే, వాను పడిపోయేముందే ఒక గంగాళం చేశాం, పిల్లలు గిన్నెలు నాకారు అన్నారు. వసంతం వచ్చేసరికి సమ్మె ముగిసింది. గెలవలేదు. గని మనుషులు జెండాలు పట్టుకుని పనిలోకి వెళ్ళడం టీవీలో చూస్తూ నాన్న ఎవరినీ వేలెత్తి ఆపలేదు, మేమే మాట్లాడలేదు. అమ్మ మొహంలో మాత్రం దాచుకున్నా దాగని ఊరట ఒకటి కనిపించింది, ఇక మంచులో వాన్లు పోవని. నాన్న అది చూశారు. లేచి వెళ్ళి ఆవిడకి టీ కలిపి తెచ్చారు.

ఇప్పుడు నీల షిఫ్టు అయి కారెక్కితే నాకు మెసేజీ వస్తుంది. దారిలో పెట్రోలు కోసం ఆగితే తెలుస్తుంది. ఇంటికి చేరితే తెలుస్తుంది. దీన్ని కాదనే మూర్ఖురాలిని కాను. ఆనాడు ఇలాంటి ఫోను జేబులో ఉంటే నాన్న అంబులెన్సులోంచే మాట్లాడేవారు, అమ్మ గోడకి జారేది కాదు, డోరీన్ గిన్నె పట్టుకుని ఆ మంచులో నడిచేది కాదు. ఆ మధ్యాహ్నం ఎవరికీ రాకూడదు. ఒక్కటి మాత్రం గమనించాను. చుక్క కదిలిందా లేదా అని చూసే మనిషికి భయం చిన్నది, ఊరటా చిన్నదే, రెండూ రోజంతా వచ్చిపోతూనే ఉంటాయి. మాకప్పుడు భయం కొండంత వచ్చింది. పోయినప్పుడు మొత్తం పోయింది. ఆ రాత్రి మేమందరం నిశ్చింతగా నిద్రపోయాం.

రే చాలా వారాలు హాస్పిటల్లోనే ఉన్నాడు. ఒకరోజు నేను స్కూలు నుంచి వచ్చేసరికి నాయనమ్మ రెండో మెట్టు మీద ఫోను చెవికి ఆనించుకుని కూర్చుంది. వార్డులోకి తోపుడు బండి మీద ఫోను తెచ్చే ఏర్పాటుందట, రే అక్కడి నుంచి చేశాడు. అవతల అతను ఏదో చెబుతున్నాడు. ఈవిడ తెలుగులో, కాలు కదపొద్దని, పాలు తాగమని, డోరీన్ మొన్న మా ఇంట్లో పప్పు తిన్నదని చెబుతోంది. మధ్యలో ఆగి వింటోంది. మళ్ళీ చెబుతోంది. నేను చెయ్యి చాపి ఇటివ్వమన్నాను. తల అడ్డంగా ఊపింది. చాలాసేపటికి, "ఉంటాను, రే గారూ," అని పెట్టేసింది.

ఏమన్నాడని అడిగాను. కళ్ళు మూసుకుని అప్పజెబుతుందనుకున్నాను. మూసుకోలేదు. వక్కపొడి డబ్బీ మూత తీస్తూ, "ఏమో, ఏ ముక్కా గుర్తుపెట్టుకోలేదు. మోయాల్సిన కబురు కాదుగా," అంది. "నవ్వుతున్నాడు."